లింగధారిపై ఎత్తిన చేయి
(గృహహింసను గూర్చిన అధ్యయన పాఠము)

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు చెప్పిన ముగ్ధభక్తుల కథలలో గొడగూచి కథ మిక్కిలి ప్రసిద్ధమైనది. శివభక్తుడైన తండ్రి పొరుగూరికి పోవుచు, తాను లేని వేళ శివునకు పాలు నివేదింపుమని చిన్నబిడ్డయైన గొడగూచికి చెప్పిపోయెను. బిడ్డ పాలు కొనిపోయి దేవుని ముందుంచెను. దేవుడు త్రాగలేదు. పాలు మిగిలిన నాయన కోపించునని ఆ పసిది వెక్కి వెక్కి ఏడ్చెను. శివుడు కరుణించి పాలారగించెను. తండ్రి తిరిగి వచ్చి జరిగినది విని నమ్మలేదు. పాలు తానే త్రాగి అబద్ధమాడుచున్నదని తలచెను. ఆగ్రహముతో కొట్టబోగా బిడ్డ శివుని శరణుజొచ్చెను. శివుడామెను తన లింగమునందు ఐక్యము చేసికొనెను.

ఈ కథను కల్లకపట మెరుగని భక్తికి దృష్టాంతముగా మఠములలో చెప్పుచుందురు. అది సమంజసమే. అయినను ఇందు వేరొక పాఠము కూడ గలదు. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. నిత్యము శివునకు పాలు నివేదించు భక్తుడు. అట్టివాడును తన యింటి బిడ్డ మాట వినలేకపోయెను. విచారింపకయే వాని చేయి లేచినది. ఆ చేయి లేచినపుడు శివుడు తండ్రి పక్షమున నిలువలేదు, బిడ్డ పక్షమున నిలిచెను. భక్తుని యింట కూడ హింస పుట్టగలదనియు, పుట్టినపుడు శివుడెవరి వైపున నుండునో తెలిసికొనవలెననియు ఈ కథ బోధించుచున్నది. ప్రస్తుత పాఠమునకు ఇదియే ప్రాతిపదిక.

గృహహింస యనగా నేమి?

కొట్టుట మాత్రమే హింసయని అనేకులు భావింతురు. 2005 నాటి గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించు చట్టము నాలుగు విధములైన హింసను పేర్కొన్నది. మొదటిది శారీరక హింస: కొట్టుట, తన్నుట, జుట్టు పట్టి ఈడ్చుట, కాల్చుట, ఆకలితో మాడ్చుట. రెండవది లైంగిక హింస. మూడవది వాచిక మానసిక హింస: తిట్టుట, అనుమానించుట, బిడ్డలు కలుగలేదని గాని, మగబిడ్డ పుట్టలేదని గాని దెప్పుట, పుట్టింటివారిని దూషించుట. నాలుగవది ఆర్థిక హింస: ఇంటి ఖర్చునకు ఈయకుండుట, ఆమె కూలిడబ్బు లాగుకొనుట, ఆమె నగలను, స్త్రీధనమును అమ్ముకొనుట, ఇంటినుండి వెడలగొట్టుట.

ఈ నాలుగవదానిని చాలమంది హింసగా తలంపరు. మహిళా సంఘమునందు ఆమె పేర తీసికొన్న అప్పును భర్త వాడుకొని, కిస్తు కట్టవలసిన దినమున ఆమెను సంఘము ముందు తలవంచుకొని నిలువజేయుట కూడ హింసయే. కాయకమును కైలాసముగా భావించు సంప్రదాయమున, ఒకరి కాయక ఫలమును బలవంతముగా లాగుకొనుట సామాన్యమైన తప్పు కాదు.

ఎంత ప్రబలియున్నది?

2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణలో 18 నుండి 49 ఏండ్ల వయసుగల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 37 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురియైనవారు. 2015–16 నాటి సర్వేలో ఇది నూటికి సుమారు 43గా నుండెను. కొంత తగ్గినమాట నిజమే. కాని దేశ సగటు నూటికి సుమారు 29 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 30. బసవన్న కర్మభూమియైన కర్ణాటకలో సుమారు 44. ప్రపంచమంతట స్త్రీలలో దాదాపు ముగ్గురికొకరు శారీరక లేక లైంగిక హింసను చవిచూచినవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తెలంగాణ లెక్కను వీధికి అన్వయించి చూచినచో, పది ఇండ్లున్న వీధిలో మూడు నాలుగు ఇండ్లు ఈ లెక్కలోనివే.

ఈ అంకెకంటె కలవరపరచునది వేరొకటి గలదు. అత్తమామల నవమానించినను, ఇంటిని బిడ్డలను సరిగా చూడకున్నను, ఎదురుమాట్లాడినను, వంట బాగుగా చేయకున్నను, ఇట్టి కారణములలో ఏదో యొకదానికి భర్త భార్యను కొట్టుట న్యాయమేయని అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 84 మంది చెప్పిరి. పురుషులలో నూటికి సుమారు 70 మంది అట్లు చెప్పిరి. అనగా దెబ్బతినువారే దెబ్బను సమర్థించునట్లు పెంచబడినారు. కొట్టు చేతికి బలము ఆ చేతిలో మాత్రమే లేదు. చుట్టునున్నవారి సమ్మతిలో గలదు.

మూడవది మౌనము. దేశమంతట హింసకు గురియైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవ్వరికిని చెప్పుకొనలేదు, ఎవ్వరి సహాయమును కోరలేదు. సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. వారిలోను పెక్కుమంది ఆశ్రయించినది పుట్టింటివారినే. కనుక పుట్టింటివారు ఆ దినమున ఏమి చెప్పుదురన్నది ఒక జీవితమును నిర్ణయించు విషయము.

పాలమూరు సీమ పరిస్థితి

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2011 జనగణనలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అక్షరాస్యత తక్కువగా, నూటికి 55 మందికి మాత్రమే, ఉన్నది ఈ జిల్లాలోనే. వర్షాధారపు సేద్యము, వరుస కరవులు ఈ సీమ ప్రజలను తరతరములుగా వలసబాట పట్టించినవి. పాలమూరు కూలీలు దేశమున కట్టని ఆనకట్ట లేదని వాడుక. జూరాల నీరు, ఎత్తిపోతల నీరు వచ్చిన పిమ్మట సేద్యము కొంత మెరుగైనను, హైదరాబాదు, ముంబయి, పుణె నగరములకు పోవువారు నేటికిని గలరు.

వలస తన వెంట కొన్ని చిక్కులను కొనివచ్చును. మేస్త్రీ యొద్ద ముందుగా తీసికొన్న డబ్బు భర్త చేతికి పోవును. పని ఇద్దరును చేయుదురు. పనిచోట వేసికొన్న గుడిసెకు చుట్టము లేదు, పొరుగు లేదు. అక్కడ భార్య దెబ్బతిన్నచో అడ్డుపడు అత్తయో, పిలిచిన పలుకు వదినయో ఉండదు. బిడ్డలను ఊరిలో అవ్వ తాతల యొద్ద విడిచిపోయినచో, ఆ బిడ్డల నెవరు కొట్టిరో, ఎవరు తప్పుగా తాకిరో తలిదండ్రులకు తెలియదు. గద్వాల పరిసరములలోని పత్తివిత్తనపు చేలలో ఆడపిల్లలను చదువు మాన్పించి పనికి పంపుట చిరకాలము సాగినది. బడి మానిన పిల్లకు త్వరగా పెండ్లి చేయుదురు. తెలంగాణలో 20 నుండి 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 ఏండ్లు నిండకముందే వివాహమైనవారని పై సర్వేయే చెప్పుచున్నది. చిన్నవయసున అత్తవారింట అడుగిడిన పిల్లకు నోరు విప్పు ధైర్యము, దాటిపోవు దారి రెండును ఉండవు.

మద్యమును గూర్చి కూడ ఒక మాట. త్రాగుడే హింసకు మూలమని పలువు రందురు. త్రాగనివారు కూడ కొట్టుచున్నారు, త్రాగినవారందరును కొట్టుటలేదు. త్రాగి వచ్చినవాడు పెద్దవాని మీదికి, పోలీసు మీదికి పోడు. ఇంటికి వచ్చి భార్యనే కొట్టును. కనుక మత్తు హింసను పెంచునే గాని, దానికి క్షమాపణ కాజాలదు. అయినను ఈ సీమలో కల్లులో ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుట పలుమార్లు బయటపడినది. అట్టి కల్లునకు అలవాటుపడినవానికి హితబోధ ఒక్కటియే చాలదు; వైద్యము కావలెను.

స్త్రీ శరీరముపై, మనస్సుపై

దెబ్బ మానును. దాని ఫలము మానదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించిన నివేదిక ప్రకారము, భర్త లేక సహచరుని హింసకు గురియైన స్త్రీలకు మనోవ్యాకులత కలుగుట ఇతరులకంటె దాదాపు రెట్టింపు. వారికి తక్కువ బరువుగల శిశువు పుట్టుట నూటికి 16 పాళ్లు అధికము. కడుపుతో నున్నపుడు తగిలిన దెబ్బ గర్భస్రావమునకు, నెల తప్పిన కానుపునకు దారితీయవచ్చును. వీరశైవ సంప్రదాయమున గర్భస్థ శిశువునకు కూడ లింగధారణ చేయు ఆచారము గలదు. అట్టి గర్భముపై పడిన దెబ్బ ఇద్దరు లింగధారులపై పడిన దెబ్బయని గ్రహింపవలెను.

తలనొప్పి, నిద్రలేమి, ఆకలి మందగించుట, కారణము తెలియని ఒంటినొప్పులు అనుచు ఆసుపత్రికి పోవు స్త్రీలలో కొందరి జబ్బు ఒంటిలో లేదు, ఇంటిలో గలదు. క్రమముగా ఆమె చుట్టములకు, ఇరుగుపొరుగునకు దూరమగును. పండుగకు రాదు, వచ్చినను త్వరగా పోవును. చేతి కమిలిన మచ్చకు "జారిపడితిని" అను జవాబు సిద్ధముగా నుండును. ఈ గుర్తులను చూడనేర్చుట ప్రతి కుటుంబమునకు అవసరము.

శిశువులపై

బిడ్డను కొట్టకున్నను, బిడ్డ ఎదుట తల్లిని కొట్టుట బిడ్డపై చేసిన హింసయే. ఐక్యరాజ్యసమితి పక్షమున 2006లో వెలువడిన అంచనా ప్రకారము, ఇంటిలో జరుగు హింసను కన్నులార చూచుచు పెరుగు బిడ్డలు ప్రపంచమున 13 కోట్ల నుండి 27 కోట్ల వరకు నుందురు. "చిన్నవాడు, వానికేమి తెలియును" అందురు గాని, పలకలేని శిశువునకును అరుపు తెలియును, తల్లి వణకు తెలియును.

అట్టి బిడ్డల లక్షణములు పలువిధములు. కొందరు రాత్రి ఉలికిపడి లేతురు. అయిదారేండ్లు నిండినను పక్క తడుపుదురు. కొందరు బడిలో చూపు నిలుపలేరు, చదివినది తలకెక్కదు. కొందరు మాట మానుదురు; కొందరు తోడి పిల్లలను కొట్టుదురు. పెద్దబిడ్డ తల్లికి కాపలాగా బడి మానును. తండ్రి చెప్పుల చప్పుడు వినగానే చిన్నవారిని వెనుక గదిలోనికి తీసికొనిపోవు పదేండ్ల బాలిక, తన బాల్యమును అప్పుడే కోల్పోయినది.

దీర్ఘకాలమున దీని ఫలము తరమునుండి తరమునకు ప్రాకును. తండ్రి తల్లిని కొట్టుట చూచి పెరిగిన స్త్రీలు తమ సంసారములలో హింసకు గురియగుట అధికమని కుటుంబ ఆరోగ్య సర్వేలు ప్రతిసారియు తెలుపుచున్నవి. అట్లు చూచి పెరిగిన బాలురలో కొందరు అదే చేయి ఎత్తుదురు. అందరును అట్లగుదురని కాదు. ఆదరించు ఒక్క పెద్ద, ఒక్క ఉపాధ్యాయుడు, భయములేని ఒక్క చోటు దొరికిన బిడ్డలలో అనేకులు ఆ గొలుసును త్రెంచుకొనుచున్నారు. ఆ ఒక్క పెద్ద ఎవరన్నదే ప్రశ్న.

శరణుల మార్గము ఏమి చెప్పుచున్నది?

"పతియే ప్రత్యక్షదైవము, ఏమి చేసినను ఓర్చుకొనవలెను" అను మాట ధర్మబోధగా చలామణి యగుచున్నది. శరణుల సిద్ధాంతము దీనికి భిన్నము. శరణుడు సతి, లింగము పతి యనునది ఆ సిద్ధాంతము. పురుషుడైనను, స్త్రీయైనను ప్రతి శరణుడును సతియే, పతి లింగమొక్కటియే. ఇట్లు చూచినచో ఇంటిలో భార్యకు దైవముగా నిలుచు అధికారము భర్తకెక్కడిది? ఇద్దరును ఒకే పతి ముందు నిలిచిన ఇద్దరు సతులు. ఒకరిపై ఒకరు చేయి ఎత్తుటకు ఇందు తావులేదు.

తోబుట్టువైన నాగమ్మకు లేని ఉపనయనము తనకు వలదని బాల బసవన్న ఇల్లు వెడలెనని సంప్రదాయ కథనము. 12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షతన స్త్రీలు పురుషులతో సమముగా కూర్చుండి తత్త్వచర్చ చేసిరి, వచనములు చెప్పిరి. ఆయ్దక్కి లక్కమ్మ కథ ఇందుకు నిదర్శనము. రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, లక్కమ్మ తప్పని చెప్పి తిరిగి పోసి రమ్మనెను. మారయ్య కోపింపలేదు, పోసి వచ్చెను. భార్య మాటకు తలయొగ్గి తన్నుదాను సరిదిద్దుకొన్న ఆ పురుషుని చరిత్ర చిన్నబుచ్చలేదు, శరణుడని కీర్తించినది.

అక్క మహాదేవి కథ మరింత ఆలోచింపదగినది. కౌశికరాజుతో ఆమె సంబంధమును గూర్చి కథనములు భేదించుచున్నను, అతని ఆంక్షల నంగీకరింపక ఆమె ఆ యింటిని విడిచెననుట అన్నిటికి సమ్మతము. కల్యాణము చేరినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను. కాని రాజు యింటికి తిరిగిపొమ్మని మంటపమున ఏ శరణుడును చెప్పలేదు. ఆసనమిచ్చిరి, అక్కయని పిలిచిరి. పిమ్మట ఆమె చేరినది శ్రీశైలము. నాగర్‌కర్నూలు సీమలోని నల్లమల అడవులకు కృష్ణ ఆవలియొడ్డుననే ఆ కొండ గలదు. ఏటేట శివరాత్రికి ఆ కొండ యెక్కు కుటుంబములు, ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ నెట్లు ఆదరింపవలెనో ఆ దారిలోనే నేర్చుకొనవచ్చును.

పంచాచారములను గృహమునకు అన్వయించి చూచినను ఇదియే తేలును. లింగాచారము ప్రతి లింగధారి శరీరమును దేవాలయముగా చూపును. సదాచారము న్యాయార్జితమును, మితమును విధించును. కూలిడబ్బును దుకాణములో పోసి బిడ్డల నాకలికి విడుచుట దానికి భంగము. శివాచారము లింగధారుల మధ్య హెచ్చుతగ్గులను తొలగించును. ఆ సమత్వము మఠములో పంక్తి వరకే గాక వంటయింటి వరకు రావలెను. భృత్యాచారము "నేను సేవకుడను" అను భావము. యజమాననను అహంకారమునకు అది మందు. గణాచారము శివభక్తులకు జరుగు అపచారమును చూచి ఊరకుండరాదని శాసించును. పొరుగింట దెబ్బల చప్పుడు విని తలుపు మూసికొనువాడు గణాచారమును విడిచినవాడే.

"సర్దుకొమ్ము" అను తీర్పు

ఒక సందర్భమును భావింపవచ్చును. ఇట్టిది ఏ ఊరిలోనైన జరుగునదే. రాత్రి దెబ్బలు తిన్న ఒక ఇల్లాలు తెల్లవారకముందే చంకబిడ్డతో పుట్టింటికి వచ్చును. పదిదినములకు పెద్దలు కూడుదురు. భర్త తలవంచుకొని "ఇక కొట్టను" అనును. అప్పుడొక పెద్దాయన, "సంసారమన్నంక సర్దుకపోవాలె బిడ్డా, ఆలుమగల కొట్లాట అద్దం మీద పెసరగింజ" అనును. నవ్వుదురు. బొట్టుపెట్టి, చీరపెట్టి పంపుదురు. ఆమె వైపు చూచి ఒక్కరును అడుగరు: "అమ్మా, నీకు పోవుటకు భయము లేదా?"

పెద్దల ఉద్దేశము చెడ్డది కాదు. సంసారము నిలువవలెనని వారి కోరిక. మాట పట్టింపులకు, అలకలకు ఆ సామెత తగును. విరిగిన చేతికి తగదు. పెసరగింజ జారిపోవును, భయము జారిపోదు. అట్లు పంపిన ఇల్లాలికి రెండు పాఠములు తెలియును: తన మాటకు విలువ లేదని, తిరిగి వచ్చుటకు చోటు లేదని. ఆ భర్తకు తెలియునది ఒక్కటే: ఒక క్షమాపణతో అంతయు తీరునని. మరల హింస జరిగినపుడు ఆమె పుట్టింటికి రాదు. బావి వైపు, పురుగుమందు వైపు చూచును. ఆమె ప్రాణము పోయిన పిమ్మట అదే పెద్దలు "ఒక్క మాట చెప్పకపోయెనే" అని వగతురు. ఆమె చెప్పినది. వినలేదు.

రాజీ తగదని కాదు. రాజీకి ముందు మూడు షరతులు నెరవేరవలెను. ఆమెను ఒంటరిగా, అత్తవారు పుట్టింటివారు లేని చోట, మరియొక స్త్రీ సమక్షమున విచారింపవలెను. పోవుటకు ఆమె మనస్ఫూర్తిగా అంగీకరింపవలెను. పంపిన పిమ్మట వారము వారము క్షేమము విచారించు బాధ్యత ఒకరికి అప్పగింపవలెను. ఈ మూడును లేని రాజీ, దెబ్బతిన్నదానిని దెబ్బకొట్టినవానికి అప్పగించుటయే.

చట్టము కల్పించిన రక్షణలు

1983లో భారత శిక్షాస్మృతికి చేర్చిన 498–ఎ సెక్షను భర్త, అతని బంధువుల క్రూరత్వమును నేరముగా ప్రకటించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షనులు అమలులోనున్నవి. శిక్ష మూడేండ్ల వరకు కారాగారము, జరిమానా.

అందరు స్త్రీలును భర్తను జైలుకు పంపగోరరు. దెబ్బలు ఆగవలెనని మాత్రమే కోరుదురు. అట్టివారికై 2006 అక్టోబరు 26 నుండి గృహహింస చట్టము అమలులోనికి వచ్చినది. ఇందు మేజిస్ట్రేటు హింస చేయరాదని రక్షణ ఉత్తర్వు, ఇంటినుండి వెడలగొట్టరాదని నివాసపు ఉత్తర్వు, పోషణకు ధనము, బిడ్డల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారము ఇప్పింపవచ్చును. అవసరమైనచో ఎదుటివారు రాకమునుపే మధ్యంతర ఉత్తర్వు ఈయవచ్చును. దరఖాస్తు అందిన మూడు దినములలో సాధారణముగా మొదటి విచారణ జరుపవలెననియు, 60 దినములలో పరిష్కరింప యత్నింపవలెననియు చట్టము చెప్పుచున్నది. ఆచరణలో జాప్యము జరుగుచున్నను, గడువును గుర్తుచేసి అడుగు హక్కు ఆమెకు గలదు. రక్షణ ఉత్తర్వును మీరినచో ఒక యేడు వరకు కారాగారము, లేక 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఈ చట్టము భార్యకే పరిమితము కాదు. తల్లి, తోబుట్టువు, వితంతువైన కోడలు, ఒకే కుటుంబముగా నివసించిన ఇతర స్త్రీలు కూడ దీని నాశ్రయింపవచ్చును. ఇల్లు మామగారి పేరనున్నను కోడలికి అందు నివాసపు హక్కు ఉండవచ్చునని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. వలస కుటుంబములు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది మరియొకటి: హింస పుణెలో జరిగినను, ఆమె తాత్కాలికముగా తలదాచుకొన్న వనపర్తిలోనే దరఖాస్తు చేయవచ్చును. ఆ ఉత్తర్వు దేశమంతట చెల్లును. హింసను చూచిన పొరుగువారెవరైన రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ బాధ్యతయు ఉండదు.

బిడ్డల విషయమున, తన సంరక్షణలోనున్న బాలబాలికలను కొట్టి, నిర్లక్ష్యము చేసి బాధ పెట్టినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 75వ సెక్షను మూడేండ్ల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది. బడిలో ఉపాధ్యాయుడు కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. బడిలో కూడనిది ఇంటిలో ధర్మము కాజాలదు.

స్త్రీలు 181కి, బాలలు 1098కి, ఆపద సమయమున ఎవరైనను 112కు ఫోను చేయవచ్చును. జిల్లాలలో నెలకొల్పిన సఖి కేంద్రములలో వైద్యము, సలహా, పోలీసు సహాయము, న్యాయ సహాయము, కొలది దినముల ఆశ్రయము ఒకే చోట లభించును. ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు, బాలలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును.

ఒక పాఠము చేసిన మేలు

పాఠములవలన ఏమగునని సందేహించువారు దూబగుంటను స్మరింపవలెను. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమమునందు రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, సారా వలన ఒక సంసారము నాశనమైన తీరు తెలుపు వాచకపు పాఠమును చదివి, అది తమ కథయేయని గుర్తించిరి. ఊరిలో సారాను ఆపించిరి. 1992లో ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. సంపూర్ణ నిషేధమును 1997లో సడలించిరి. నిషేధము నిలువకపోయినను, ఇంటి దుఃఖము ఇంటికే పరిమితము కాదని, కూడి చెప్పినచో ప్రభుత్వములే వినునని ఆ పల్లె స్త్రీలు నిరూపించిరి.

మఠములు, కుటుంబములు చేయదగినవి

మఠములు నెలకొకసారి ప్రవచనమునందు ఈ విషయమును బహిరంగముగా చెప్పవచ్చును. పీఠమునుండి వచ్చిన ఒక్క మాట నూరు సలహాలకు సమానము. వివాహ సమయమున వధూవరులకు ఆశీర్వచనముతోపాటు, చేయి ఎత్తనను ప్రతిజ్ఞను గురువు సమక్షమున చేయింపవచ్చును. దాసోహ మందిరమున ఒక గదిని, ఆపదలో వచ్చిన తల్లిబిడ్డలకై ఎప్పుడును సిద్ధముగా నుంచవచ్చును. పంచాయతీలలో కనీసము ఇద్దరు స్త్రీలుండవలెనని నియమము చేయవచ్చును. ప్రాణభయమున్న చోట పంచాయతీ చేయక, వెంటనే సఖి కేంద్రమునకు గాని పోలీసులకు గాని చేర్చవలెను.

కుటుంబములు ఆడబిడ్డను అత్తవారింటికి పంపునపుడు, "ఏమైనను అక్కడనే యుండవలెను" అనక, "ఈ తలుపు నీకెప్పుడును తెరచియుండును" అని చెప్పి పంపవలెను. ఆమె చదువు, ఆమె పేర బ్యాంకు ఖాతా, ఆమె కాగితములు ఆమె యొద్దనే యుండవలెను. కొట్టు కుమారుని తల్లి, "మా కాలములో మేము పడలేదా" అనక, తాను పడినది కోడలు పడకుండ అడ్డు నిలువవలెను. తండ్రులు కోపము వచ్చినపుడు ఆ చోటు విడిచి, చేతనున్న ఇష్టలింగమును చూచుట అభ్యసింపవలెను. లింగమును నిలిపిన అరచేయియే కొట్టుటకు లేచు అరచేయి. ఒకే చేయి రెండు పనులు చేయజాలదు.

గొడగూచి కాలమున శివుడు స్వయముగా బిడ్డను తన లోనికి తీసికొనెను. నేడా పనిని శరణులకు అప్పగించినాడు. ఏడ్చుచు వచ్చిన బిడ్డకు, కమిలిన మోముతో వచ్చిన తల్లికి తలుపు తీయు ఇల్లే లింగము నెలకొన్న ఇల్లు.

మననమునకు ప్రశ్నలు

1. గొడగూచి తండ్రి భక్తుడైనను ఎక్కడ తప్పెను? విచారింపక కోపించిన సందర్భములు తమ యింట గలవా?

2. చట్టము చెప్పిన నాలుగు విధముల హింసలో, హింసగా ఇంతవరకు తలంపనిది ఏది?

3. "శరణుడు సతి, లింగము పతి" అను సిద్ధాంతము భార్యాభర్తల సంబంధము నెట్లు మార్చును?

4. తమ ఊరి పంచాయతీలో చివరిసారి ఒక స్త్రీ ఫిర్యాదు వచ్చినపుడు ఆమెను ఒంటరిగా విచారించిరా? పంపిన పిమ్మట క్షేమము కనుగొనిరా?

5. ఆపదలోనున్న తల్లిబిడ్డలకు ఈ రాత్రి ఆశ్రయమీయవలసి వచ్చినచో, తమ గృహమున గాని, మఠమున గాని ఏ గది తెరువబడును?